ఇంటర్వ్యూ నేర్పిన పోస్టుమాస్టారు

మా పోస్టుమాస్టారు పోయారన్న కబురు వచ్చేసరికి నా నోటినిండా కాఫీ ఉంది. కాఫీ రుచి చూసి ఉమ్మేయడమే నా ఉద్యోగం. ఫోన్లో వాళ్లమ్మాయి, "నాన్నగారు తెల్లారగట్ల నిద్దట్లోనే ఎల్లిపోయారక్కా, ఏం బాధపడలేదు" అంది. ఉమ్మడం మరిచిపోయి ఆ గుక్క మింగేశాను. డుంబ్రిగుడలో, అరకులో, అటు అనంతగిరి తోటల్లో ఇవాళ నెలజీతం మీద బతుకుతున్న మా కొండవాళ్లు చాలామంది ఆయన శిష్యులే. ఆయన ఎవరికీ ఉద్యోగం ఇప్పించలేదు, తెచ్చుకోవడం నేర్పారు. ఆ తేడా దగ్గర ఆయనకి మహా పట్టింపు, అందుకని ముందే చెప్పేస్తున్నాను.

ఆయనది విజయనగరం వైపు ఊరు. బదిలీ మీద మా మండలం పోస్టాఫీసుకి వచ్చారు, రిటైరయ్యాక కూడా తిరిగి వెళ్లలేదు. ఇంటర్వ్యూకి రమ్మనే ఉత్తరాలన్నీ ఆయన చేతుల మీదుగానే మా ఊళ్లకి చేరేవి. ఉత్తరం అందుకున్న మనిషి వారం తిరక్కుండా మళ్లీ అదే పార భుజాన వేసుకుని కనబడేవాడు. "ఉత్తరం సరీగ్గానే అందించాను కదా, మడిసెందుకు తిరిగొచ్చేత్తన్నాడు" అని ఆయనకి తోచకుండా ఉండేదట. ఒక్కొక్కర్నీ ఆపి అడిగితే తేలిందేమిటంటే, మావాళ్లెవరూ లోపల నోరు విప్పడం లేదు.

అప్పట్నుంచి సంత రోజు మధ్యాహ్నం, తెచ్చిన సరుకు అమ్ముడైపోయాక, సంత వెనక ఆయన అద్దె గదిలో క్లాసు. ఒక బల్ల, రెండు కుర్చీలు. అడిగే ఆఫీసర్లు ముగ్గురూ ఆయనే. కళ్లద్దాలు పెట్టుకుంటే మేనేజరు, తీసేస్తే హెచ్.ఆర్. ఆఫీసరు, మంకీ క్యాప్ తగిలించుకుంటే ఇంగ్లీషు తప్ప ఇంకోటి రాని పెద్దాఫీసరు. మండుటెండలో ఆ మంకీ క్యాప్ చూసి మేం పడీపడీ నవ్వేవాళ్లం. "నవ్వండి, ఆల ముందు కూడా ఇలాగే నవ్వు మొకంతో కూకోండి. ఏడుపు మొకాలకి ఉద్యోగం ఎవులిత్తారు" అనేవారు. ఆయన తిట్టినా అలాగే ఉండేది, మాకు భయం వేసేది కాదు.

నేను అప్పటికి ఏడేళ్లుగా ఒక కాఫీ కంపెనీ షెడ్డులో రోజుకూలీకి గింజలు ఏరుతున్నాను. సీజను అయిపోతే పని ఉండదు. అమ్మా నేనూ కింద పల్లానికి దిగి ఇటుక బట్టీల్లో చేరేవాళ్లం. ఆ బట్టీ పొగకి అమ్మకి దగ్గు పట్టుకుంది. ఆ ఏడాది అదే కంపెనీలో గింజల నాణ్యత చూసే పర్మనెంటు ఉద్యోగం ఒకటి పడింది. అది వస్తే అమ్మ ఇక కొండ దిగక్కర్లేదు. నాకు కావలసింది అదొక్కటే.

"నీకేటొచ్చు?" అని అడిగారు మాస్టారు మొదటి రోజు, కళ్లద్దాలు పెట్టుకుని.

"ఏం రాదండి" అన్నాను.

మా వైపు పెద్దల ముందు మన పని గురించి మనమే చెప్పుకోవడం సిగ్గుమాలినతనం. పక్కవాళ్లు చెప్పాలి. ఆయనకది తెలుసు, కోప్పడలేదు. "సరే, నిన్న పొద్దున లేచిన కాడ్నుంచి ఏటేటి సేసావో సెప్పు" అన్నారు. నేను చెబుతుంటే పాత ఫారాల వెనక రాసుకుంటూ పోయారు. పురుగు తిన్న గింజ వేలు తగిలితే తెలుస్తుందనీ, సరిగా ఎండని బస్తా వాసన గుమ్మంలోంచే పట్టేస్తాననీ, కొత్తగా చేరిన ఆడవాళ్లని నా పక్కనే కూర్చోబెడతారనీ. అన్నీ గట్టిగా చదివి వినిపించి, "ఈ గుంటెవులో నాకు తెలీదు గానీ, నానైతే ఈ పూటే ఉద్యోగంలోకి తీసేసుకుంటాను" అన్నారు. నా గురించి నేనలా వినడం అదే మొదలు. ఇంటికి వెళ్లేదాకా నవ్వుకుంటూనే ఉన్నాను.

ఇంటర్వ్యూ రోజు రానే వచ్చింది. ఆయన చెప్పినవన్నీ చేశాను. ఆయన చెప్పనిదీ ఒకటి చేశాను. మాలో ఎవరి గడప తొక్కినా, ముఖ్యంగా ఏదైనా అడగడానికి వెళితే, ఒట్టి చేతులతో వెళ్లరు. "కొత్త రాజ్మా అట్టుకెల్లు, పెద్దోళ్ల కాడికి ఉత్త సేతుల్తో ఎల్తావేటి" అని అమ్మ ఒక సంచి చేతికిచ్చింది. లోపలికెళ్లి, దణ్ణం పెట్టి, ఆ సంచి బల్ల మీద ఉంచాను. విశాఖ నుంచి వచ్చిన ముగ్గురిలో పెద్దాయన మొహం మాడిపోయింది. "ఏంటమ్మా ఇది, లంచమా? తీసుకుని బయటికి నడు" అన్నాడు. ఒక్క ప్రశ్నయినా అడగకుండానే నా ఇంటర్వ్యూ అయిపోయింది.

ఎదురుగా టీ కొట్టు దగ్గర మాస్టారు ఉన్నారు. ఏడుస్తూ చెప్పాను. ఆయన ముందు పొట్ట పట్టుకుని నవ్వారు, ఆ తర్వాత తల కొట్టుకున్నారు. "తప్పు నాదేనే అమ్మడూ. వంద ప్రశ్నలడిగాను గానీ సేతిలో ఏటి అట్టుకెల్తావని అడిగానా" అన్నారు. మీరొచ్చి ఒక్కమాట చెప్పండి మాస్టారూ అని బతిమాలాను. ససేమిరా అన్నారు. "నాను సెప్తే నాకిత్తారు ఉద్యోగం. బేగి ఎల్లు, ఆలు భోజనానికి లేచిపోతారు" అని నన్ను వెనక్కి తరిమారు.

మళ్లీ వెళ్లి గుమ్మంలో నిలబడ్డాను. "ఇది లంచం కాదు సార్. మా ఊళ్లో పిల్లనివ్వమని అడగడానికొచ్చినోళ్లు కూడా ఏదో ఒకటి పట్టుకునే వస్తారు. మీరు ఉద్యోగం ఇవ్వకపోయినా ఇది మీకే" అన్నాను. ముగ్గురిలో ఒకావిడ నవ్వి సంచి తెరవమంది. గుప్పెడు గింజలు తీసి బల్ల మీద పోశాను. ఏళ్ల అలవాటు, చెయ్యి ఊరుకోదు కదా, మాట్లాడుతూనే చెడ్డవి పక్కకి తీసేస్తున్నాను. "అదెందుకు తీశావు?" అందావిడ. పచ్చిగా కోశారు. "ఇదో?" తడిసిన గోనెలో ఉంచారు. "ఇది బాగానే ఉందిగా?" పైకలా ఉంది, లోపల పురుగుంది మేడమ్, విరవండి. పెద్దాయన విరిచి చూశాడు. భోజనం వేళ దాటిపోయినా వాళ్లు లేవలేదు.

ఉద్యోగం వచ్చింది. అమ్మ మరి బట్టీ మొహం చూడలేదు. రాజ్మా మాత్రం రూలు ఒప్పుకోదని పెద్దాయన నా చేతే తిప్పి పంపించేశాడు. దాన్ని మాస్టారు వండించుకుని తిని, "కంపెనీవోలు బాగా నష్టపోయారు" అన్నారు.

ఏళ్లు గడిచి, షెడ్డులోకి మనుషుల్ని తీసుకునే పని కూడా నా చేతికొచ్చింది. పోయిన చలికాలం ఒకసారి వాళ్లింటికి వెళ్లినప్పుడు అడిగాను, మీ ఇంటర్వ్యూ ఎలా జరిగింది మాస్టారూ అని. "నన్నెవులూ ఏటీ అడగలేదే. మా నాన్న సర్వీసులో ఉండగా పోయాడు, ఆ కుర్చీ నాకిచ్చేసినారు. నాకు పనొచ్చో రాదో సూసినోడే లేడు" అన్నారు. ఇంతమందికి నేర్పిన మనిషికి మనసులో అదొక వెలితిగా ఉండిపోయిందని నాకప్పటిదాకా తెలియదు. తర్వాత చిన్నగా, "నువ్విప్పుడు ఉద్యోగాలిచ్చే దానివి కదా, నన్నోసారి అడగవా" అన్నారు.

ఆదివారం షెడ్డుకి రమ్మన్నాను. ఇస్త్రీ చొక్కా, తడిపి దువ్విన జుట్టు, చేతిలో ఫైలు. నేను కూర్చోమనేదాకా కూర్చోలేదు. సరదాకే అనుకున్నాను గానీ ఆయన ఫైలు తెరిచి నా వైపు తిప్పి పెట్టడం చూశాక నేనూ సరిగ్గా కూర్చున్నాను. అరగంట అడిగాను. రెండుసార్లు తడబడ్డారు, ఒకసారి మంచినీళ్లు అడిగారు. లేచి వెళ్తూ, "రిజల్టు ఎప్పుడు తెలుస్తాది మేడమ్?" అన్నారు. ఉత్తరం వస్తుందండీ అన్నాను.

ఆ ఉత్తరం వెంటనే రాయలేదు. పంట పని ముంచుకొచ్చి రేపు మాపు అంటూ గడిపేశాను. చివరికి కిందటి వారం కూర్చుని, మా కొండవాళ్లందరి తరఫున మిమ్మల్ని మాస్టారుగా నియమించుకున్నాం, మీరు ఎప్పుడో చేరిపోయారు కాబట్టి ఆ రోజు నుంచే లెక్క, అని నా చేత్తో రాసి రిజిస్టర్ పోస్టులో వేశాను. అందిందో లేదో తెలియకుండానే చావు కబురు వినాల్సి వచ్చింది. దారంతా అదే గుబులు. ఇంత ఆలస్యం చేసినందుకు నన్ను నేనే తిట్టుకుంటూ వెళ్లాను.

వాళ్లమ్మాయి నన్ను చూడగానే ఆ సంగతే ఎత్తింది. మంగళవారం ఉత్తరం వచ్చిందట. కొత్త పోస్టమ్మాయి కాగితం చాపితే, గళ్లలుంగీతో అరుగుమీద కూర్చున్న మనిషి కవరు మీద నా రాత గుర్తుపట్టి సంతకం పెట్టారట. చింపి చదవమంటారా అని ఆ పిల్ల అడిగితే ఆగమన్నారట. లోపలికి వెళ్లి, ఇస్త్రీ చొక్కా తొడుక్కుని, పై బొత్తాం దాకా పెట్టుకుని, జుట్టు తడిపి దువ్వుకుని, అప్పుడు వచ్చి నిలబడే కవరు విప్పారట.