తలుపుకి కన్ను పెట్టించుకున్నాం

మా చిన్నప్పుడు... భిలాయి సెక్టర్ 4లో మా బ్లాకు మొత్తానికీ ఫోన్ మా ఇంట్లోనే ఉండేది. తెలుగువాళ్లందరూ ఊళ్లో చుట్టాలకి మా నంబరే ఇచ్చుకునేవారు. ఫోన్ వస్తే పరిగెత్తి వాళ్లని పిలుచుకురావడం నా డ్యూటీ.

మొదట్లో అమ్మకి అదో గొప్ప... తర్వాత్తర్వాత విసుగు. నాన్న స్టీల్ ప్లాంటులో నైట్ షిఫ్ట్ చేసొచ్చి పగలు పడుకునేవారు. ఆయన నిద్ర చెడితే ఆ రోజు ఇంట్లో ఎవరికీ సుఖం లేదు. అందుకని అమ్మ తలుపుకి కన్నం పెట్టించి మేజిక్ ఐ అనే బుల్లి అద్దం బిగించింది. "ఎవరో చూసి చెప్పు, నే తియ్యమంటేనే తియ్యి" అంది.

స్టూలెక్కి చూస్తే బయటివాళ్ల ముక్కు వంకాయంత కనిపించేది. మనం వాళ్లకి కనపడం... ఆ దొంగ సరదా నాకు భలే నచ్చింది, అబద్ధమెందుకు.

ఆ వేసవిలో పై అంతస్తు సత్యవతత్త రోజూ వచ్చేది. బొబ్బిలిలో వాళ్లమ్మకి బాగోలేదు, తమ్ముడు ఫోన్ చేస్తానన్నాడు. వస్తే గంటసేపు కూర్చునేది. ఓ మధ్యాహ్నం తలుపు తట్టింది. నేను చూసి గుసగుసగా చెప్తే, అమ్మ వద్దని చెయ్యూపింది.

"వదినా... మా తమ్ముడు ఫోనేటైనా చేసాడేటి?"

అప్పుడే ఫోన్ మోగింది... నాన్న లేస్తారని అమ్మ ఒక్క అంగలో వెళ్లి ఎత్తేసింది.

బొబ్బిలి నుంచే. పెద్దావిడ ఆఖరి ఘడియల్లో ఉంది, అక్కని సాయంత్రం బండికే బయల్దేరమనమని. ఇంట్లో లేనట్టు నటించిన మనిషి ఇప్పుడు తలుపెలా తీస్తుంది? "అలాగే, చెప్తాను" అని పెట్టేసింది.

నేను అద్దంలోంచి చూస్తూనే ఉన్నాను. ఫోన్ మోగడం అత్త విన్నది... ఒక్క రింగుకే ఆగిపోవడమూ విన్నది. తిన్నగా నా కంటికేసే చూసి, మెట్లెక్కి వెళ్లిపోయింది.

వెంటనే వెళ్తే దొరికిపోతామని అమ్మ ఆగింది. రెండు గంటలాగి, చీర మార్చి, సంచి పట్టుకుని, బజారు నుంచి వచ్చినట్టు వెళ్లి చెప్పింది. అత్త అంతా విని, "సంచీలో ఏటీ లేదేటి వదినా?" అంది.

అప్పటికి దుర్గ్ స్టేషనుకి వెళ్లి బండి అందుకునే టైము లేదు. మర్నాడు బయల్దేరింది... వెళ్లేసరికి దహనం కూడా అయిపోయింది.

తిరిగొచ్చాక మళ్లీ మా గుమ్మం తొక్కలేదు. ఎండలో నడిచి ఎస్టీడీ బూత్‌కే వెళ్లేది. అమ్మ తన పరువు పోతుందని నిజం ఒప్పుకోలేదు. నాకు పదేళ్లే కదా అని నన్ను నేను చాలాకాలం వెనకేసుకొచ్చాను... గడియ నా చేతికి అందేదే.

ఇప్పుడు భిలాయిలోనే వైశాలి నగర్‌లో మా గుమ్మానికి కెమెరా ఉంది. బెల్లు కొడితే ఫోన్లో మొహం చూసి, తియ్యాలో వద్దో తేల్చుకుంటాం. అందరూ అంతే, ఎవరికీ సిగ్గు కూడా వెయ్యడం లేదు.

మీ ఇంట్లోనూ అలా తియ్యని తలుపు ఒకటి ఉంటే రాయండి... బయట నించున్నవాళ్లు మీరైతే, తిట్టండి. నన్ను తిట్టాల్సినావిడ ఒక్క మాటా అనకుండానే పోయింది.