మేనత్త రాని తొట్టెల

మొన్న ఆదివారం మా కోడలు నా పక్కన కూర్చొని, కరీంనగర్‌లో వాళ్ళు కొనాలనుకుంటున్న ఇంటి ఫొటోలు ఫోనులో ఒక్కొక్కటే జరుపుతూ చూపించింది. ఇల్లు బాగుంది. పాత కాలనీ, వెడల్పాటి రోడ్లు, ప్రతి ఇంటి ముందూ ఎప్పుడో ఎవరో నాటిన పెద్ద చెట్లు, డాక్టర్లూ గ్రానైటు వ్యాపారులూ ఉండే చోటు. అన్నిటికన్నా గొప్ప సంగతి, గోడ పక్కనే క్లబ్బు ఉందట, అందులో ఈతకొలను, టెన్నిసు ఆడే చోటు ఉన్నాయట, సభ్యులను తప్ప ఇంకొకరిని లోపలికి రానివ్వరట. ఆ చివరి మాట చెప్పేటప్పుడు పిల్ల ముఖం వెలిగిపోయింది. బాగుంది బిడ్డా అన్నాను కానీ నా గొంతులో ఏదో తేడా వినపడి ఉంటుంది, నచ్చలేదా అత్తమ్మా అని అడిగింది. నచ్చకపోవడానికి ఏముంది? క్లబ్బు పక్కన ఇల్లంటే ఏమిటో నాకు తెలుసు, అటువంటి ఇంట్లో నేను ఏళ్ళ తరబడి కాపురం చేశాను అని చెప్పబోయి ఊరుకున్నాను. చెబితే మొదటినుంచీ చెప్పాలి, ఆ పిల్లకు తెల్లారితే ఆఫీసు. మీకైతే చెప్పుకోవచ్చు, నా ఈడువాళ్ళు, తీరిక కూడా ఉంటుంది.

మా కాపురం మంచిర్యాలకు అవతల బొగ్గుబాయిల ఊళ్ళో. బాయి అంటే మా దిక్కు గని. పెళ్ళైన కొత్తలో కంపెనీ క్వార్టర్లలో ఉండేవాళ్ళం, అవి వరసలు వరసలుగా ఉంటాయి కనుక వాటిని లైన్లు అనేవాళ్ళం. ఒకే గోడకు అటొక సంసారం, ఇటొక సంసారం. పొద్దున్నే ప్రతి వాకిట్లో బొగ్గుల పొయ్యి రాజేస్తే ఆ పొగలో ఎదురింటి మనిషి కనపడేది కాదు, గొంతును బట్టి పలకరించుకునేవాళ్ళం. ఒకరింట్లో కోడిని కోస్తే లైనంతటికీ తెలుసు, ఒకరింట్లో మొగుడూ పెళ్ళాలు కొట్లాడితే తీర్పు చెప్పడానికి పదిమంది తయారు. ఇప్పుడు తలుచుకుంటే ముద్దొస్తుంది కానీ, అక్కడ ఉన్నన్నాళ్ళూ ఈ మురికిలోంచి ఎప్పుడు బయటపడతామా దేవుడా అని మొక్కుకున్నదాన్నే నేను. నల్లా దగ్గర బిందెల కొట్లాటలో నా నోరు కూడా తక్కువదేం కాదు.

అవ్వ, బాపు, అంటే మా అమ్మానాన్నలు, ఇద్దరూ ముందూ వెనకగా పోయాక నాకు తల్లిగారిల్లంటూ మిగిలింది ఒక్క తమ్ముడే. ఊళ్ళో వ్యవసాయం వాడికి కలిసిరాలేదు. మా ఆయన పట్టుబట్టి, ఎవరెవరినో బతిమాలి, వాడిని బాయిలో పనికి పెట్టించాడు. మా వెనక లైన్లోనే వాడికీ క్వార్టరు దొరికింది. పనిలోంచి వస్తూ ఒంటినిండా బొగ్గుతో నేరుగా మా ఇంట్లోకే వచ్చి, చేతులన్నా కడుక్కోరా అంటే వినకుండా గిన్నెమీద మూత తీసి చూసేవాడు. మా మరదలు అక్కడ అన్నం వండుకొని ఎదురుచూస్తుంటే వీడు ఇక్కడ తిని పోయేవాడు, ఆ పంచాయతీ మా దగ్గరికి రాని వారం లేదు.

మా ఆయనకు చదువు పిచ్చి. పగలంతా బాయిలో పని చేసి, ఇంటికొచ్చి పుస్తకాలు ముందేసుకొని, ఒకటికి రెండుసార్లు తప్పి చివరకు మేనేజరు పరీక్ష గట్టెక్కాడు. ఆఫీసరయ్యాడు. ఆఫీసరైతే లైన్లలో ఉండకూడదు. రైలు పట్టాలకు ఆవలి వైపు ఆఫీసర్ల కాలనీ ఉంది, క్లబ్బును ఆనుకొని మాకొక బంగళా ఇచ్చారు. సామాను ఎక్కించిన నాడు లైన్లోని ఆడవాళ్ళంతా లారీ చుట్టూ చేరి, ఇగ నువ్వు దొరసానివి, మమ్ములను యాదుంచుకుంటవా అని ఏడిపించారు. మా తమ్ముడు రోలు తానొక్కడే భుజాన వేసుకొని లారీ ఎక్కాడు. రైలుగేటు దాటి ఎంతో దూరం లేదు, నడిచినా పది నిమిషాలే. ఎటూ పోతలేను కదరా అని నేనే వాడికి చెప్పాను. ఆ మాట నిజమనే అనుకున్నాను కూడా.

కొత్త ఇల్లు ఎట్లా ఉండేదంటే, ముందు తోట, చుట్టూ గోరింట కంచె, మామిడిచెట్లు, నీళ్ళు ఎప్పుడంటే అప్పుడు వచ్చే నల్లాలు, గ్యాసు పొయ్యి. నేను మొక్కుకున్నవన్నీ దొరికాయి. దొరికాక పలకరించే గొంతు లేదు. పక్కింటామె పేరు తెలియడానికి నెల పట్టింది, ఆమె మాట ఎత్తుకోవడమే ఇంగ్లీషులో ఎత్తుకునేది. సాయంత్రమైతే క్లబ్బుకు పోవాలి, అది ఇష్టాయిష్టాల సంగతి కాదు, పోకపోతే మొగుడికి మాట వస్తుంది. మగవాళ్ళు పేకాటకు, మేము తంబోలాకు, అంటే ఒకరు అంకెలు పిలుస్తుంటే టికెట్ల మీద కొట్టేసుకునే ఆటకు. అక్కడ ఆడవాళ్ళు కూర్చునే కుర్చీలు కూడా మొగుడి హోదాను బట్టే, పెద్ద సార్ భార్య ముందు వరసలో, నావంటిది గోడ దగ్గర. నేను గిట్ల, గట్ల అంటే వాళ్ళు ఒకరి మొఖం ఒకరు చూసుకొని నవ్వేవారు. చెడ్డవాళ్ళేం కాదు, నవ్వొచ్చింది, నవ్వారు. నేను మాట్లాడటం తగ్గించాను. నల్లా దగ్గర నా నోటికి జడిసినవాళ్ళు చూస్తే నమ్మేవాళ్ళు కాదు. తమ్ముడు ఒకటి రెండుసార్లు వచ్చాడు, స్నానం చేసి, ఇస్త్రీ చొక్కా వేసుకొని. గిన్నెమీద మూత తీయలేదు. సోఫా అంచున కూర్చొని, మంచినీళ్ళు తాగి, పోయొస్తనక్కా అని లేచాడు.

ఎన్నో మొక్కుల తరువాత మా మరదలికి ఆడపిల్ల పుట్టింది. మా ఆదిలాబాద్ దిక్కు, మరాఠీవాళ్ళ పొత్తువల్ల వచ్చిందో ఏమో, తొట్టెల నాడు బిడ్డను మొదటిసారి తొట్టెలో వేసి చెవిలో పేరు చెప్పవలసింది మేనత్తే. తల్లికీ తండ్రికీ లేని హక్కు అది. నేను ఆసుపత్రిలో పిల్లను చూసినప్పుడే అవ్వ పేరు పెట్టాలని మనసులో అనుకున్నాను. ఎవ్వరికీ చెప్పలేదు, ముందే చెబితే బిడ్డకు మంచిది కాదంటారు. మంచిర్యాలకు పోయి వెండి కడియాలు చేయించాను, మరదలికి చీర తెచ్చాను, ఇగ ఆ రోజు కోసం చూడటమే అనుకున్నాను.

అంతలో సమ్మె మొదలైంది. మొదట నాలుగు రోజుల్లో తేలిపోతుందన్నారు, తేలలేదు. లైన్లలో జీతాలు లేవు, కిరాణం దుకాణాలు ఉద్దెరకు సరుకులివ్వడం ఆపేశాయి. ఆఫీసర్లు మాత్రం రోజూ జీపులో పోయి బాయిలోకి దిగేవారు, పంపులు నడపకపోతే నీళ్ళు నిండి బాయే మునిగిపోతుంది. లైన్లవాళ్ళు అది సమ్మెను చెడగొట్టడమేనన్నారు. జీపుల మీద రాళ్ళు పడ్డాయి. రైలుగేటు దగ్గర పోలీసులను పెట్టారు. మా ఆయన సంగతి అడకత్తెరలో పోకచెక్కే, నిన్నటిదాకా మాతో ఉండి ఇప్పుడు అటు పోయిండని వాళ్ళకు కోపం, లైన్లలోంచి వచ్చినవాడు ఇక్కడి మాటలు అక్కడికి మోస్తున్నాడేమోనని పైవాళ్ళకు అనుమానం. తొట్టెల నాడు ఎట్లా పోవాలె అని నేనడిగితే, తినే అన్నంలో చెయ్యి ఆపి, "పొమ్మంటే ఒక తప్పు, వద్దంటే ఒక తప్పు, నన్నేం అడుగకు" అన్నాడు. ఆయన కళ్ళల్లో నీళ్ళు చూడటం నాకు అదే మొదలు.

తొట్టెలకు ముందు రోజు సందేళ తమ్ముడే వచ్చాడు. పెరటి వైపు కంచె దగ్గర నిలబడ్డాడు, రమ్మన్నా లోపలికి రాలేదు. బాగా చిక్కిపోయాడు.

"అక్కా, రేపు నువ్వు రాకు. కోపం తెచ్చుకోకు. బావ దినాం జీపెక్కి పోతుండని అందరు నన్నే సూస్తుండ్రు. నువ్వు సామాన్లు పట్టుకొని వస్తే, ఆఫీసర్ల తిండి తింటున్నవా అంటరు. రేపు సమ్మె అయినంక కూడ నేను వాళ్ళతోనే బతకాలె."

నేను మీ ఇంటి ఆడబిడ్డను కదరా అన్నాను. నాకెర్క లేదా అన్నాడు. కొన్ని బియ్యమన్నా తీసుకపొమ్మంటే రెండు చేతులూ వెనక్కి పెట్టుకున్నాడు. వాడు చెప్పిన దాంట్లో తప్పేముంది? మా ఆయన చెప్పిన దాంట్లో తప్పేముంది? ఎవరిమీద కోపం తెచ్చుకోవాలో తెలిస్తే మనిషికి కొంత బలం ఉంటుంది, నాకు అదీ లేకపోయింది.

తెల్లవారి నేను తలస్నానం చేశాను. పోవద్దనే అనుకుంటున్నాను, చేతులు మాత్రం వాటి పని అవి చేస్తున్నాయి. మేనత్త రోజూ కట్టే పాతచీరతో తొట్టెలకు పోకూడదు, అది బిడ్డకు అరిష్టం. పెళ్ళినాటి పట్టుచీర కట్టుకున్నాను, తలలో పూలు పెట్టుకున్నాను, పళ్ళెంలో కడియాలు, చీర, పసుపు కుంకుమ పెట్టి పైన గుడ్డ కప్పి, ఎవరికీ చెప్పకుండా రైలుగేటు దాకా నడిచాను. నా ముందు పాలామె తట్ట నెత్తిన పెట్టుకొని అవతలికి పోతే పోలీసులు తల కూడా ఎత్తలేదు. నన్ను చూడగానే ఇద్దరు లేచి నిలబడ్డారు.

"మేడం, మీరు ఆఫీసర్ల ఇంటోళ్ళు. అవతల ఏమన్న అయితే మా నౌకర్లు పోతయి. జర ఇంటికి పోన్రి."

నేను ఆ లైన్లదాన్నే, మా తమ్ముని బిడ్డ తొట్టెల, పది నిమిషాల్లో వస్తాను అని చెప్పాను. పెద్దవాడు నా చీర చూసి, మర్యాదగా నవ్వాడు. నమ్మలేదు. పాతచీర కట్టుకొని ఒక గంప నెత్తిన పెట్టుకొని వచ్చి ఉంటే నన్ను ఆపేవాళ్ళే కాదు. కానీ పాతచీరతో మేనత్త ఎట్లా పోతుంది? అవతల మా లైన్ల పెంకుల కప్పులు కనపడుతూనే ఉన్నాయి. బొగ్గు రైలుబండి ఒకటి వచ్చింది, మా ఊరి బొగ్గు బళ్ళు మీకు తెలుసు కదా, తెగవు. అది పోయేదాకా నిలబడ్డాను. పోయాక కూడా కాసేపు నిలబడ్డాను. చెయ్యగలిగింది ఏమీ కనపడక ఇంటికి తిరిగొచ్చాను.

ఆ సాయంత్రం, ఆడవాళ్ళు ఇళ్ళల్లో కూర్చొని భయపడకూడదని పెద్ద సార్ భార్య అందరినీ క్లబ్బుకు పిలిపించింది. చీర మార్చుకొనే ఓపిక కూడా లేక అదే పట్టుచీరతో పోయాను. అంతకుముందెన్నడూ లేనిది, నా చీర చాలా బాగుందని ముందు వరసలోంచి ఒకామె వెనక్కి తిరిగి మెచ్చుకుంది. అంకెలు పిలుస్తున్నారు, నా టికెట్టు మీద పక్కనామె పెన్నుతో కొట్టేస్తోంది, నేను థాంక్సు చెబుతున్నాను.

సమ్మె తరువాత ఎప్పుడో ముగిసింది. మళ్ళీ షిఫ్టులు మొదలైన వారంలోనే నేను కడియాలు పట్టుకొని పోయాను. పాపకు అప్పటికే పేరుంది, పక్కింటి ముసలామె పెట్టిందట, మంచి పేరే. మరదలు పక్కింట్లోంచి కుర్చీ తెచ్చి, కొంగుతో తుడిచి నన్ను కూర్చోబెట్టింది. తమ్ముడు దుకాణానికి పోయి కూల్‌డ్రింకు సీసా తెచ్చాడు. ఆ ఇంట్లో నేను చాపమీద పడుకొని మధ్యాహ్నాలు నిద్రపోయినదాన్ని. ఆ సీసా చేతిలో పెట్టేసరికి నేను చుట్టాన్ని అయిపోయానని అర్థమైంది. గేటు దాకా వచ్చిన సంగతి చెప్పాలని నోటిదాకా వచ్చింది, ఇప్పుడు చెబితే సాకులాగా ఉంటుందని మింగేశాను. వాడు కూడా తొట్టెల మాట ఎత్తలేదు. ఆ తరువాత ఏళ్ళకేళ్ళు రాఖీలు కట్టాను, పెళ్ళిళ్ళకు పోయాం, వచ్చాం. ఎవరం ఎవరినీ ఒక్క మాట అనుకోలేదు. అంత మర్యాదగా బతికాం.

ఇప్పుడు అక్కడ చూడటానికి ఏమీ లేదు. లోపలికి దిగే బాయిలు మూతపడి, పైనుంచి తవ్వే గనులు వచ్చాయి, లైన్లు సగం ఖాళీ, సగం కూలగొట్టారు. క్లబ్బును పెళ్ళిళ్ళకు, పుట్టినరోజులకు కిరాయికి ఇస్తున్నారట, ఎవరైనా పోవచ్చు. రైలుగేటు తీసేసి పైన వంతెన కట్టారు, ఇటువాళ్ళు అటు పోతుంటే మీరెవరని అడిగేవాళ్ళు లేరు. మంచిదే, మా కాలం తిరిగి రావాలని నేను కోరుకోను.

మా తమ్ముడు నిరుడు పోయాడు. దశదినకర్మ అయ్యాక, చుట్టాలందరూ వెళ్ళిపోయిన తరువాత, నేనూ మరదలూ గోడకు ఆనుకొని కూర్చున్నాం. ఏదో మాటల్లో ఆమె అన్నది:

"ఆ రోజు దీపాలు పెట్టేదాక బిడ్డను తొట్టెల ఎయ్యనియ్యలే వదినే. పెద్దమనుషులు ఎంత జెప్పినా ఇనలే. వాకిట్ల నిలబడి గేటు దిక్కే సూసిండు. నేనే రావద్దన్న గని అక్క వస్తది, నా మాట ఎన్నడు ఇన్నది అన్నడు."

ఇన్నేళ్ళు నా కడుపులో ఒకటి, వాడి కడుపులో ఒకటి దాచుకొని ఒకరికొకరం కూల్‌డ్రింకులు ఇచ్చుకున్నాం. మరదలికి చెప్పాను, నేను పట్టుచీర కట్టుకొని గేటు దాకా వచ్చానని, పోలీసులు పోనివ్వలేదని. ఆమె నా చెయ్యి పట్టుకొని ఏడ్చింది. అయితే ఆ మాట వినవలసింది ఆమె కాదు. నేను వచ్చానురా, నీ మాట వినలేదురా అని చెబుదామంటే, వినడానికి వాడు లేడు.