బావ తెచ్చిన మోటారు

పవర్‌లూమ్ షెడ్డుల్లో మెకానిక్ పని మానేశాక, తిరుత్తణిలో మా ఇంటి వెనక రేకుల గదిలో, ఇనుమును తిప్పుతూ చెక్కే పాత లేత్ ఒకటి పెట్టుకున్నాను. పొదటూరుపేట వైపు మగ్గాలకు బుష్‌లు, చిన్న షాఫ్టులు చేసిస్తూ కాలం గడపొచ్చని నా ఆలోచన. ఆ లేత్ కొనిపెట్టింది మా అక్క మొగుడు. బావ పట్టాభిరామ్‌లో ఒక చిన్న కంపెనీలో ఎలక్ట్రీషియన్, కాపురం తిరువళ్లూరులో. మూతపడిన షెడ్డులో ఈ లేత్ ఉందని చూసి, తనే లారీ మాట్లాడి పంపించాడు.

మా ఇంటికి వచ్చేది సింగిల్ ఫేజ్ కరెంటు. లేత్ మోటారుకు కావలసింది త్రీ ఫేజ్. దానికి బావ చెప్పిన ఉపాయం డ్రైవ్. గోడకు బిగించే చిన్న పెట్టె అది. ఇంటి కరెంటు తీసుకుని మూడు ఫేజులు చేసి మోటారుకు ఇస్తుంది. మీట తిప్పితే వేగం కూడా మారుతుంది.

ఇనుము సంగతి నాకు తెలుసు. కరెంటు సంగతి తెలియదు. తెలియని పనిలో ఇంకొకరి మాట నమ్మి కూర్చోవడం నాకు చేతకాదు. బావేమో అడిగినదానికి సగమే జవాబు చెప్పే మనిషి.

మొదటిరోజు వచ్చి మోటారు పక్కనున్న మూత విప్పి చూశాడు. లోపలినుంచి మూడు వైర్లే వచ్చాయి. ఆరుంటే అక్కడే మార్చేవాడట.

"పెట్టె ఇచ్చేది రెండొందల ముప్పై ఓల్టులే బామ్మర్దీ. ఈ మోటారు నాలుగొందలకు కట్టిండేది. లోపల కనెక్షను మార్చాల. మా ఊర్లో మోటార్లకు తీగ చుట్టే వైండింగ్ అంగడి ఉండాది, ఆడ చేపిచ్చుకోనొస్తా" అన్నాడు. మోటారును గోనెసంచిలో చుట్టుకుని రైలెక్కి వెళ్లిపోయాడు.

తిరిగి తెచ్చినప్పుడు అది కొత్తగా బూడిదరంగులో మెరుస్తోంది. ఫ్యాను మూత మీద ఒక సొట్ట ఉండేది, అది లేదు. మోటారు వివరాలు చెక్కిన కంపెనీ రేకు కూడా లేదు. కాళ్ల రంధ్రాలు లేత్ రంధ్రాలకు కుదరక బావ ఆకురాయితో రాస్తుంటే, ముందు కుదిరినవి ఇప్పుడెందుకు కుదరవని అడిగాను. రంగు వేశారు కదా అన్నాడు. రంగుకు రంధ్రాలు జరుగుతాయా?

నేను పక్కనే స్టూలు వేసుకుని కూర్చుని ప్రతి వైరునూ చూశాను. ఇంటి కరెంటు డ్రైవ్‌కు ఒక పక్క, మోటారుకు పోయే మూడు వైర్లు ఇంకో పక్క. తారుమారైతే పెట్టె కాలిపోతుందని చెప్పాడు. ఎర్త్ వైరు విడిగా బిగించాడు. డ్రైవ్‌కూ మోటారుకూ నడుమ స్విచ్చు ఉండకూడదని లేత్ పాత స్విచ్చును విప్పి, కాగితంలో చుట్టి అటక మీద పెట్టాడు. ఆయన చేతులు కడుక్కోవడానికి పోయినప్పుడు, అది అక్కడే ఉందో లేదో తడిమి చూసుకున్నాను.

చివర డ్రైవ్‌లో మోటారు వివరాలు నొక్కాలి. ఎంత యాంపియర్ తీసుకుంటుందో మోటారు రేకు మీద చూసి పెట్టాలట. రేకు లేదు. బావ తడుముకోకుండా అంకె నొక్కేశాడు.

"చూడకుండా నీకెట్ల తెలిసె?" అన్నాను.

"తెలుసులే" అన్నాడు.

మీట తిప్పగానే లేత్ మెల్లగా కదిలి, చప్పుడు లేకుండా వేగం అందుకుంది. మా ఆవిడ సంతోషపడి కాఫీ పెట్టింది. నాకు మాత్రం కాఫీ రుచి తెలియలేదు. మంచి రాగి తీగ చుట్టిన నా మోటారును అమ్ముకుని, అల్యూమినియం తీగ చుట్టిన నాసి రకం నాకు తగిలించాడని ఆపాటికే నిశ్చయించుకున్నాను. బావ పోయాక అక్కకు ఫోను చేసి, మోటారు సంగతి అటూ ఇటూ తిప్పి అడిగాను. "ఆయన్నే అడుగబ్బా" అని మాట మార్చింది. అక్కకూ తెలుసన్నమాట.

మర్నాడే తిరువళ్లూరు పోయాను. స్టేషను వెనక సందులో వైండింగ్ అంగడి. బామ్మర్దినని చెప్పకుండా, ఏదో పని ఉన్నవాడిలా నిలబడి లోపలికి చూశాను. అరమీద నా మోటారు ఉంది. సొట్టా రేకూ రెండూ ఉన్నాయి. దొరికాడనుకున్నాను. ఆ క్షణంలో బాధ కంటే సంతోషమే ఎక్కువ కలిగింది.

అది ఎవరిదని అడిగాను. అంగడాయన తమిళంలో తాపీగా చెప్పాడు. విప్పి చూస్తే లోపల తీగ అంతా మాడిపోయి ఉందట. మొత్తం మళ్లీ చుట్టాలట. తెచ్చినాయన, బామ్మర్ది పని మొదలుపెట్టాలని కాచుకుని ఉన్నాడని, తన డ్రిల్లింగ్ మెషీను మోటారు ఊడదీసి తెచ్చి, ఇక్కడే రంగు వేయించి పట్టుకుపోయాడట. ఇది తీరిగ్గా చుట్టమన్నాడట.

అక్కడినుంచి అక్క ఇంటికి నడిచాను. వెనక వరండాలో డ్రిల్లింగ్ మెషీను ఉంది. మోటారు ఉండవలసిన చోట ఖాళీగా ఉంది. బెల్టు వేలాడుతోంది. బావ డ్యూటీ దిగి వచ్చేదాకా దాని ముందే కూర్చున్నాను. నన్ను చూడగానే ఆయనకు అర్థమైంది.

"అంగడికి పోయింటివా?"

"పోయినా బావా. నువ్వు చెప్పింటే పోయుండను."

"ఎట్ల చెప్పేది? ఆ లేతు చూసి తీసింది నేను. మోటారు తిప్పి చూడకుండా తీసేస్తి. నీకు చెప్పుకోను సిగ్గయింది." చెప్పులు విప్పుతూ అడిగాడు. "నువ్వేమనుకుంటివి? అమ్ముకున్నా అనుకుంటివా?"

నేను లేచి, వేలాడుతున్న బెల్టును సర్దబోయాను. అక్క అన్నం వడ్డించింది. బావ తల ఎత్తకుండా తిన్నాడు.

తీగ చుట్టడం అయ్యాక బావే ఆ మోటారును తిరుత్తణి తెచ్చాడు. మార్చొద్దు, ఉన్నదే బాగా నడుస్తోంది అన్నాను. వినలేదు. బిగించే ముందు మూత విప్పి, టార్చి నా చేతికిచ్చి, "రాగే. చూడు" అన్నాడు. చూశాను. తన మోటారును అదే గోనెసంచిలో చుట్టుకుని వెళ్లిపోయాడు.

లేత్ ఇప్పటికీ బాగా నడుస్తోంది. బావ రావడం మానలేదు. బేరింగులో, కట్టింగ్ టూల్సో ఏవో తెస్తూనే ఉంటాడు. కానీ ఏదీ నా చేతికి ఇవ్వడు. బల్ల మీద పెట్టి, "విప్పి చూసుకో బామ్మర్దీ" అంటాడు. ఎందుకులే బావా అంటాను. నేను విప్పేదాకా కుర్చీలోంచి లేవడు.