ఎదురింటి మనిషి జాడ

నా పరిశోధన గురించి ఇన్నేళ్ళుగా ఎన్నో సభల్లో మాట్లాడాను గాని, అందులో ఒక అబద్ధం ఉందని మాత్రం ఎక్కడా చెప్పలేదు. మొన్న తిరువూరులో నాకు శాలువా కప్పినప్పుడు కూడా చెప్పలేదు. పక్షవాతం మీద, మెడ రక్తనాళాలు పూడుకుపోవడం మీద నేను చేసిన కృషిని ఒక వక్త, ఒక్క ముక్క అర్థం కాకపోయినా, గొంతు చించుకుని పొగుడుతుంటే నేను వినయం నటిస్తూ తల వంచుకుని కూర్చున్నాను. తలెత్తేసరికి ముందు వరసలో, ఎవరో తోసుకొచ్చిన చక్రాల కుర్చీలో వినగడప మావయ్య కనిపించాడు. కుడిచెయ్యి ఒళ్ళో చచ్చుపడి ఉంది. ఎడమచేత్తో తొడ మీద కొట్టుకుంటూ నా కోసం చప్పట్లు చరుస్తున్నాడు.

ఆయన మాకు రక్తసంబంధీకుడు కాదు. వినగడపలో మా మేనత్త ఇంటికి ఎదురిల్లు ఆయనది, ఆ వరసన మావయ్య. చిన్నప్పుడు సెలవులకు వెళితే సైకిలు ముందు కడ్డీ మీద కూర్చోబెట్టుకుని పత్తిచేలన్నీ తిప్పేవాడు. నేను నరాల డాక్టరునై బెజవాడలో పరిశోధన మొదలుపెట్టిన రోజుల్లో ఆయనకు స్వల్పంగా పక్షవాతం వచ్చి తగ్గింది. స్కానులో మెడ ఎడమవైపు నాళం సగానికి పైగా పూడి ఉంది. ఒక కొత్త మాత్ర బాగా పనిచేస్తుందని చూపించడానికి నాకప్పుడు మనుషులు కావాలి. ఆయన కాగితం చదవకుండానే సంతకం పెట్టాడు. అల్లుడి కాగితం కూడా చదవాలా అని నవ్వాడు.

నాలుగో నెలలో భార్యను, నేను అత్తయ్య అని పిలిచే ఆవిడను, వెంటబెట్టుకుని వచ్చాడు. అన్నం తింటుంటే కుడిచేతిలోని ముద్ద జారిపోయిందని, పావుగంటలో చెయ్యి మళ్ళీ మామూలైందని చెప్పాడు. అది పెద్ద దెబ్బకు ముందు వచ్చే హెచ్చరిక అని వైద్యం చదివే కుర్రాడికైనా తెలుసు. వెంటనే ఆ మాత్ర ఆపి ఆపరేషన్‌కు పంపాలి. పంపితే మాత్ర పనిచెయ్యని వాళ్ళ లెక్క ఒకటి పెరుగుతుంది. పైగా నా ఫలితాలు చదవాల్సిన ఢిల్లీ సభ ముంచుకొస్తోంది.

"తిమ్మిరి మావయ్యా, చేలో పని ఎక్కువైంది" అన్నాను.

"చెప్పానా? నువ్వే ఊరికే కంగారుపడతావు, పదవే" అని ఆయన అత్తయ్యను ఎగతాళి చేస్తూ లేచాడు.

పదిరోజులకు కుడిపక్కంతా పడిపోయింది, మాట పోయింది. మేనత్త ఫోన్ చేసి ఏడ్చింది. నేను ఫోన్ పెట్టేసి, ఆయన పేరుకెదురుగా 'జాడ తెలియలేదు' అని రాశాను. ఊళ్ళు మారి కనిపించకుండా పోయినవాళ్ళ కోసం ఉన్న గడి అది. అందులో పడ్డవాళ్ళు మాత్ర ఓటమి కింద లెక్కకు రారు. మా మేనత్త గుమ్మంలో నిలబడితే కనిపించే మనిషి జాడ నాకు తెలియలేదట! ఆ పరిశోధన పత్రానికి ఢిల్లీలో పతకం కూడా ఇచ్చారు. ఇచ్చిన పెద్దలు ఒక్క ప్రశ్న వెయ్యలేదు. వాళ్ళకు నేను చప్పట్లు కొట్టాలి, నాకు వాళ్ళు కొట్టాలి, అంతే మా శాస్త్రం.

ఇప్పటి రోగులు రిపోర్టు ఫోన్‌లో చూసుకొచ్చి నన్ను నిలదీస్తారు. మా వయసు డాక్టర్లు దానికి విసుక్కుంటారు, పాతరోజుల్లో డాక్టరు మాటంటే ఎంత నమ్మకమో అని నిట్టూరుస్తారు. ఆ నమ్మకాన్ని ఏం చేశామో మాత్రం చెప్పరు. మావయ్య కూడా ఆ రోజు నిలదీసి ఉంటే బాగుండేదని నాకూ అనిపించింది. తప్పు ఆయన మీదికి నెట్టే నా తెలివికి నాకే అసహ్యమేసింది.

తిరువూరు సభ అయిన రాత్రే, నా పరిశోధనను అచ్చువేసిన పత్రికకు జరిగిందంతా రాసి పంపాను. తెల్లవారి వినగడప వెళ్ళాను.

"ఏం డాక్టరల్లుడూ, మేనత్త పోయాక ఇన్నాళ్ళకి దారి కనబడిందా?" అంది అత్తయ్య. మంచినీళ్ళు తేబోతుంటే ఆపి, ఏదీ దాచకుండా చెప్పాను. ఆమె చేతిలోని చెంబు కింద పెట్టేసింది.

"జాడ తెలీలేదని రాశావా? ఈ మంచం మీదే ఉన్నాడు కదయ్యా ఇన్నేళ్ళూ."

మావయ్య నా మొహంలోకే చూస్తున్నాడు. నేను కింద కూర్చుని ఆయన కుడిచెయ్యి పట్టుకున్నాను.

"మావయ్యా, ఆ రోజు అది తిమ్మిరి కాదు. నాకు తెలుసు. తెలిసే నిన్ను ఇంటికి పంపించాను. క్షమించమని అడిగే మొహం నాకు లేదు. అయినా అడుగుతున్నాను."