మడతలో పోయిన రెండు నిమిషాలు

2022 జూలైలో, రిటైర్మెంటుకి ఏడు నెలలుందనగా, నన్ను ఒక విచారణకి అధికారిగా వేశారు. అప్పటికి నేను విజయవాడలో ఒక చేనేత సహకార సంస్థలో మార్కెటింగ్ ఆఫీసర్ని. శాఖాపరమైన విచారణలో విచారణాధికారి జడ్జీ కాదు. సాక్ష్యం చూసి, అభియోగం రుజువైందో లేదో రాసి పైకి పంపుతాడు. శిక్ష వేసేది జనరల్ మేనేజరు. కాకపోతే పైవాళ్లు రిపోర్టులో చివరి వాక్యం తప్ప చదవరు కాబట్టి, ఆచరణలో జడ్జీ కంటే ఒక మెట్టు పైనే.

అభియోగం మా మంగళగిరి షోరూములో ప్రొబేషన్ మీద ఉన్న సేల్స్ అసిస్టెంట్ నాగమణి మీద. చల్లపల్లి నుంచి వచ్చిన రాజ్యలక్ష్మి గారనే కస్టమరుకి నోరు తెరిచే వ్యవధి కూడా ఇవ్వకుండా, మాట మీద మాట విసిరి, చీర లోపల పెట్టేసి అవమానించిందని. రుజువైతే ప్రొబేషన్ అక్కడితో రద్దు. ఫిర్యాదు మీద పంపేసిన మనిషిని ఆ ఊళ్లో ఇంకే బట్టల కొట్టూ గుమ్మం ఎక్కనివ్వదు.

సాక్ష్యం ఒక ఫోన్ రికార్డింగు. చీరల ధరలు వదినగారికి వినిపిద్దామని రాజ్యలక్ష్మి గారే రికార్డు చేసుకున్నారట. ఆ ఫైలు ఎమ్4ఎ రకం. మా ఫిర్యాదుల పోర్టల్ ఎంపీ3 తప్ప ముట్టుకోదు. సరుకు అదే, ప్యాకింగే వేరు. ప్యాకింగు మార్చే సాఫ్ట్‌వేర్ ఆఫీసు కంప్యూటర్లో వేసుకోవాలంటే పైనుంచి అనుమతి రావాలి, అది వచ్చేలోపు నేను రిటైరవుతాను. బ్రౌజర్లోనే మార్చిపెట్టే వెబ్‌సైట్లు ఉన్నాయి కాబట్టి ఒకటి తెరిచాను. ఫైలు కంప్యూటర్ దాటి బయటికి పోదని రాసి ఉంది. విచారణ రహస్యం కాబట్టి అది రెండుసార్లు చదివాను. మిగతాది ఒక్కసారి కూడా చదవలేదు.

నేను వన్‌టౌన్లో బట్టల కొట్టు గల్లాపెట్టె పక్కన పెరిగినవాణ్ణి. కూరగాయలు కొన్నాక కొసరుగా కరివేపాకు రాకపోతే మా ఇంట్లో దాన్ని బేరం అనరు. ఆ వెబ్‌సైట్లో 'మార్చు' అనే బటన్ పైన నాలుగు గడులు కనిపించాయి: శబ్దం పెంచడం, వెనక రొద తీసెయ్యడం, నిశ్శబ్దం తొలగించడం, చివర మెత్తగా ముగించడం. నాలుగూ ఉచితం. నాలుగింటికీ టిక్కు పెట్టి, అయిదోది లేనందుకు కాస్త నొచ్చుకుని, బటన్ నొక్కాను.

కొత్త ఫైలు విన్నాను. నాగమణి గొంతు శుభ్రంగా, గట్టిగా పలికింది: "తీసుకుంటారామ్మా మడతపెట్టెయ్యనా మడతపెట్టేస్తున్నానండీ మరి లోపల పెట్టేస్తున్నా." మధ్యలో ఊపిరి లేదు. చిత్తు రిపోర్టులో 'రుజువైనది' అని రాసేశాను.

తుది రిపోర్టుకి ముందు, అభియోగం ఎదుర్కొంటున్న ఉద్యోగికి సాక్ష్యం వినిపించాలనేది నియమం. మంగళగిరి షోరూము వెనక గదిలో కూర్చున్నాం. ఒక పక్క నాగమణి, ఇంకో పక్క చెల్లెల్ని వెంటబెట్టుకుని రాజ్యలక్ష్మి గారు. నాగమణి రికార్డింగు రెండుసార్లు విన్నది.

"గొంతు నాదే సార్. చెయ్యి మాత్రం నాది కాదు" అంది.

అర్థం కాలేదన్నాను. లేచి బీరువాలోంచి ఒక చీర తీసి, మడత విప్పి నా ఒళ్లో పడేసింది. "మా ఆయన నేసిందే. అది పాడుతూ ఉంటుంది, మీరు మడతపెట్టండి."

ఎంతైనా కొట్టులో పెరిగిన చెయ్యి కదా, అంచుకి అంచు కలిపి మొదటి మడత వేస్తున్నాను. ఫైల్లో నాగమణి అప్పటికే చీర లోపల పెట్టేసింది. ముందు నవ్వింది చెల్లెలుగారు.

మా వ్యాపారంలో మడత అంటే బేరంలో ఆఖరి అంకం. అమ్మేవాళ్లు నెమ్మదిగా మడతపెడతారు, కొనేవాళ్లు పలక్కుండా నిలబడతారు. ముందు నోరు తెరిచినవాళ్లు ఓడినట్టు. మా నాన్న ఎంతసేపు మడతపెట్టేవాడంటే, బయట రిక్షా అతను లోపలికొచ్చి "ఇచ్చెయ్యండి బాబూ, ఆలస్యమవుతోంది" అనేవాడు. ఇంత తెలిసిన నేను, మౌనం లేని బేరాన్ని విని రుజువైనదని రాశాను.

ఉతక్కముందు ఎంత, ఉతికాక ఎంత అని కొలవడం గుడ్డకి చేసే మొదటి పరీక్ష. అదే చేశాను. అసలు ఫైలు మూడు నిమిషాల యాభై ఎనిమిది సెకన్లు. నాది ఒక నిమిషం నలభై ఆరు.

రాజ్యలక్ష్మి గారి ఫోన్లోనే అసలుది పెట్టించి, శబ్దం పూర్తిగా పెంచాం. "తీసుకుంటారామ్మా?" తరవాత గంజి చీర గరగర. చాలాసేపటికి "మడతపెట్టెయ్యనా?" మళ్లీ గరగర. దాని కింద, చెల్లెలితో రాజ్యలక్ష్మి గారి గుసగుస: "నువ్వు మాట్లాడకే. మడత అయ్యేలోపు తనే దిగొస్తుంది."

నేను టిక్కు పెట్టిన రొద గడి ఈ గరగరనీ గుసగుసనీ తుడిచేస్తే, నిశ్శబ్దం గడి మిగిలిన ఖాళీని కత్తిరించేసిందన్నమాట. చెల్లెలుగారు ఫ్యాను వైపు చూడసాగారు. మాట్లాడే వ్యవధి ఇవ్వలేదన్న మాట అక్కడితో తేలిపోయింది.

"మరి దిగి రాలేదుగా!" అన్నారు రాజ్యలక్ష్మి గారు. "మా చెల్లెలి ముందు నా మొహం ఏం కావాలి?"

"ఒకటే ధర అని బోర్డుంది కదమ్మా" అంది నాగమణి.

"బోర్డులు అందరూ పెడతారమ్మా!"

ఫిర్యాదు వెనక్కి తీసుకుంటున్నట్టు రాసిచ్చే ముందు, ఆ చీరకి ఇప్పుడైనా ఏమన్నా తగ్గుతుందా అని ఆవిడ నన్నడిగారు. తగ్గదన్నాను. ఫాల్ నేనే కుట్టి ఇస్తానమ్మా అంది నాగమణి. ఆవిడ సంతకం పెట్టారు. ఈ కొసరు విచారణ రికార్డుకి ఎక్కలేదు.

నా తప్పు మాత్రం ఎక్కాలి. ఒక్క వాక్యంలో రాస్తానని జనరల్ మేనేజరు గారిని అడిగాను. ఆయన రెండు పేజీలన్నారు. నేను కాసేపు మౌనంగా నిలబడ్డాను. ఆయనా మౌనంగానే ఫైలు కట్ట దారం చుట్టుకుంటూ కూర్చున్నారు. చివరికి ముందు మాట్లాడింది నేనే. ఒక పేజీకి తెగింది. చిత్తులోని 'రుజువైనది' కొట్టేసి 'రుజువు కాలేదు' అని రాశాను. అక్టోబరులో నాగమణి ఉద్యోగం ఖాయమైంది.

ఫైలు మార్చేటప్పుడు అసలుది భద్రపరచాలి, అడగని గడులు ముట్టుకోకూడదు, మార్చాక రెండింటి నిడివీ పక్కపక్కన పెట్టి చూడాలి. ఆ వెబ్‌సైటు నా దగ్గర పైసా తీసుకోలేదు. రెండు నిమిషాల పన్నెండు సెకన్లు తీసుకుంది. నాగమణి ఉద్యోగం అందులోనే ఉంది.