తడిసిన తాడు, కదలని రాయి

మా బాబాయి గట్టురాయి జరిపాడని, అందుకే మా నాన్న పారతో కొట్టాడని కడియం చుట్టుపక్కల ఇప్పటికీ చెప్పుకుంటారు. రాయి జరగలేదు. అది తేల్చింది నేను గనక రాయవలసిందీ నేనే.

పెద్దవాడు పంచాలి, చిన్నవాడు కోరుకోవాలి. మా ఇళ్లలో పద్ధతి అది. వేసవిలో నాన్న గోగునార తాడుతో నర్సరీ నేలను చెరి పదిహేను తాళ్లుగా కొలిచి మధ్యలో రాయి పాతాడు. బాబాయి కాలవ వైపు కోరుకున్నాడు.

వానలు పడ్డాక ఎవరో "మీ తమ్ముడి నేల చెక్క పెద్దదిగా కనపడుతోందండీ" అన్నారు. నాన్న అదే తాడు పట్టుకుని మోకాలి లోతు నీళ్లలో దిగి, బాబాయి వైపు మాత్రమే కొలిచాడు. పదహారు వచ్చింది.

"దొంగా! ఒక తాడు మింగేశావురా!"

"నీ తాడు, నీ కొలత. నన్నంటావేంటన్నయ్యా?"

నాన్న పార తిరగేసి కొట్టాడు. బాబాయి మెడ కింద ఎముక విరిగిన చప్పుడు, అవతల మొక్కలకి అంట్లు కడుతున్న నాదాకా వినపడింది. పరిగెత్తేసరికి ఆయన మొహం బురదలో ఉంది. లేవబోతే వీపు మీద మళ్లీ పడింది. బాబాయి ఎడం చేత్తో గునపం అందుకుని నాన్న పిక్కలో గుచ్చాడు. నీళ్లు ఎర్రబడ్డాయి. ఇంకొక్క దెబ్బ పడితే ఎవరో ఒకరు చచ్చేవారే.

నేను పదో తరగతి తప్పినదాన్ని. అయినా మా శాఖా గ్రంథాలయంలో భౌతికశాస్త్రం అలమర మొత్తం చదివాను. గొప్పకే చెబుతున్నాను. కొలకర్ర చోటుని బట్టి మారినా ప్రకృతి నియమం మారకూడదు, ఏ కొత్త సిద్ధాంతమైనా ముందు ఆ పరీక్షకు నిలబడాలి అని అక్కడే ఒక పుస్తకంలో చదివాను.

ఇద్దరి మధ్యకీ దూరి నాన్న భుజం మీది తాడు లాక్కున్నాను. "నాన్నా, ఇదే తాడుతో మన వైపూ కొలుద్దాం. రాయి జరిగుంటే మనకి తగ్గాలి కదా!"

"నీ పుస్తకాలు తీసుకెళ్లి కాలవలో పారేయ్!"

"పారేస్తాను. ముందు కొస పట్టుకో."

నాన్న పట్టుకోలేదు. బాబాయే పాక్కుంటూ వచ్చి, బాగున్న చేత్తో పట్టుకున్నాడు. తాడు తాడుకీ మూలుగుతూ నాతో నడిచాడు.

మా వైపూ పదహారే.

గోగునార తడిస్తే బిగుసుకుని పొట్టిదవుతుంది. అంకె మారింది. రెండు చెక్కలూ సమానమన్నది మారలేదు.

నాన్న పార ఎత్తి తన చేతి మీదే వేసుకోబోయాడు. నేను పార కర్రకి వేలాడితే నా అరచెయ్యి చీలింది.

"ఆపన్నయ్యా," అని బాబాయి నెత్తురు ఉమ్మాడు. "ఈ లెక్క కొట్టకముందు చెయ్యాల్సింది."

అందరూ తమ పేర్లు రాయొద్దన్నారు. ఎముక కట్టిన డాక్టరు గారికి, గడువు దాటినా ఆ పుస్తకం మళ్లీ నాకే ఇచ్చిన గ్రంథాలయం మేడమ్ గారికి, ఆసుపత్రిలో అడిగితే "గట్టు మీద జారిపడ్డానండి" అన్న బాబాయికి కృతజ్ఞతలు. ఆయన కుడిచెయ్యి ఇప్పుడు భుజం దాటి లేవదు. పిన్నికి కూడా చెప్పుకోవాలి, కానీ ఆవిడ ఇంతవరకూ మా గుమ్మం తొక్కలేదు.