ఊర్లో లేనోళ్ళ తరపున

పొద్దున్నే కింద వాకిట్లో పరక చప్పుడు మొదలైతే నా చెయ్యి కాఫీ గ్లాసు మీదే ఆగిపోతుంది. గచ్చు మీద ఈనెలు గీసుకుపోయే ఆ గరగర వినగానే ఖాదర్ సార్ గొంతు గుర్తొస్తుంది. "ఇదెవురిదప్పా?" ప్రొద్దుటూరులో బట్టల అంగడి పైన మేడలో ఉండే మా చిన్న సాఫ్ట్‌వేర్ ఆఫీసుకు ఆయనే పెద్ద దిక్కు. గల్ఫ్‌లో చాలా ఏళ్ళు కంప్యూటర్ల మధ్య గడిపి, వయసు మళ్ళాక సొంత జిల్లాకు వచ్చేశారు. రాజుపాలెం రైతు ఇంటి నుంచి వచ్చిన నాకు పని నేర్పింది ఆయనే.

మా ప్రోగ్రాంలో పనికిరాదనిపించిన ఒక్క లైను తీసేయాలన్నా ఆయన లేచి నిలబడి, గదంతా వినబడేలా అలా అడిగేవారు. ఎవరైనా "నాది సార్" అంటే అది ఉండేది. ఎవరూ పలక్కపోతే పోయేది. మొదట్లో నేనూ చాటుగా నవ్వినదాన్నే. జమ్మలమడుగులో వాళ్ళ దాదీ, అంటే నాయనమ్మ దగ్గర అబ్బిన అలవాటట అది. ఆంధ్ర రాష్ట్రం వచ్చిన కొత్తల్లో ఆ ఇంటి నిండా మగ్గాలు, అన్నదమ్ముల కుటుంబాలన్నీ ఒకే కప్పు కింద. ఊడ్చేముందు ఆమె చేతికి దొరికిన ప్రతిదీ ఎత్తి చూపి, ఎవరిదని ఉర్దూలో అడిగేదట. ఒకరోజు సార్ వాళ్ళ నాన్న నూలు కోసం మైదుకూరు వెళ్ళినప్పుడు మూలనున్న పాత గుడ్డమూట ఎత్తి అడిగింది. ఎవరూ పలకలేదు. మూట పొయ్యిలోకి పోయింది. అందులో ఉన్నది మగ్గంలో అటూ ఇటూ పరిగెత్తే నాడె, ఆయనకు అన్నం పెట్టే వస్తువు. "అప్పుడు మా దాదీ ఒక కట్టుబాటు పెట్టింది మ్మా. ఊర్లో లేనోళ్ళ తరపున ఎవురో ఒకరు నాది అనాల. అనకుంటే ఆ పొద్దు ఎవురికీ కూడు ల్యా" అని చెప్పేవారు సార్.

నాకు ఏడో నెల నడుస్తుండగా పులివెందుల పాల కేంద్రంలో మేం పెట్టిన మిషను మొరాయించడం మొదలుపెట్టింది. పాలు తూచి, వెన్న శాతం చూసి, చీటీ ఇచ్చే చిన్న కంప్యూటర్ అది. మా ప్రోగ్రాం దాని లోపల వర్చువల్ మెషిన్‌లో, అంటే కంప్యూటర్ లోపలి ఉత్తుత్తి కంప్యూటర్‌లో నడిచేది. మెమరీ నిండినప్పుడల్లా గార్బేజ్ కలెక్టర్ అనే చెత్త ఊడ్చేది వచ్చి, ప్రోగ్రాంలో ఏ ముక్కా నాదని పట్టుకోని సరుకంతా ఊడ్చేస్తుంది. అంతసేపూ తూకం ఆగాలి. ఊడ్చడం అయిపోగానే అయిపోయిందని ఒక ఈవెంట్, ఒక కబురు వస్తుంది. ఆ కబురు వినడానికి నేను లిజనర్ అనే చిన్న ముక్క రాశాను. అది వింటేనే తూకం మళ్ళీ కదులుతుంది. పులివెందులలో కొన్ని పూటలు కదిలేది కాదు. ఆఫీసులో మాత్రం ఎన్నిసార్లు నడిపినా బుద్ధిమంతురాలిలా నడిచేది.

"మామా, ఆ పాప ఎట్లాగూ కాన్పుకు పోతాండాది. ఆ సీట్లో ఇంకొకర్ని పెట్టుకుందాం. మళ్ళా వస్తాదో రాదో" అన్నాడు, ఖాదర్ సార్‌ను మామా అని పిలిచే మా యజమాని, నేను వింటుండగానే. నాకు ఏడుపొచ్చింది. ఆడపిల్లకు ఉద్యోగమంటేనే మూతి విరిచే ఇల్లు మాది. ఒకసారి చేజారితే మళ్ళీ గడప దాటనివ్వరు. ఖాదర్ సార్ నా వైపు తిరిగారు. "ముందు పులివెందులకు పోదాం పా మ్మా" అన్నారు.

పాల కేంద్రంలో నన్ను స్టూలు మీద కూర్చోబెట్టి ఆయన నిలబడ్డారు. క్యాను పట్టుకున్న ఒకావిడ, "ఏంది సామీ, మా పాలు ఇరిగిపోయేదాకా మీ మిషను లేయదా?" అని నిలదీసింది. "లేస్తాదిలే మ్మా, రాసిన పాపే వచ్చిండాది" అన్నారు సార్. ఆఫీసులో అలవాటుగా స్క్రీన్ మీద తెరిచిపెట్టుకునే, ప్రోగ్రాం లోపలి ముక్కల్ని చూపించే పరీక్ష కిటికీ తెరవబోతే ఆయన చెయ్యి అడ్డం పెట్టారు. "అది వద్దు. ఈడ ఎవురు తెరుస్తాండారు దాన్ని?" సరే, లోపల జరిగేదంతా చీటీల కాగితం మీదే అచ్చయ్యేలా చేసి చూశాను. ఊడ్చింది. కబురు వచ్చింది. వినేవాళ్ళు లేరు. ఆ ఊడ్పులోనే లిజనర్ కూడా కొట్టుకుపోయింది. కబురు పంపేది లిజనర్ ఆచూకీ గుర్తుపెట్టుకుంటుందే గాని, దాన్ని పట్టుకుని ఉంచదు. ఆఫీసులో పరీక్ష కిటికీ దాన్ని పట్టుకునేది, ఇక్కడ పట్టుకునే దిక్కు లేదు.

"నాడె" అన్నాను.

"అంతే మ్మా. నాది అనేటోళ్ళు ల్యాకపోయిరి."

ప్రోగ్రాం నడిచినంతసేపూ ఉండేచోట లిజనర్‌ను పట్టుకునేలా ఒక లైను రాశాను. తూకం కదిలింది. ఆ పూటంతా ఆగలేదు.

తిరిగొచ్చాక యజమాని సంతోషించాడు గాని సీటు మాట వదల్లేదు. ఖాదర్ సార్ లేచి నిలబడ్డారు, లైను తీసేటప్పుడు నిలబడినట్టే. "ఆ కుర్చీ నాది అనుకో అప్పా. ఆ పాప వచ్చేదాకా రెండు పనులూ నేనే చేస్తా."

బిడ్డను మా అమ్మకు అప్పజెప్పి నేను వచ్చేసరికి, నా కుర్చీ వీపు మీద నా పాత శాలువా అలాగే ఉంది. సార్ బాగా చిక్కిపోయారు. రెండు కుర్చీల పని మనిషిని ఏం చేస్తుందో ఆ ముఖంలో కనబడింది. ఏదో చెప్పబోయాను. "కూడు కోసం మ్మా, ల్యాకుంటే మా దాదీ పెట్టదు" అని స్క్రీన్ వైపు తిరిగిపోయారు.

ఆయన పోయి చాలా కాలమైంది. ఇప్పుడు నా కింద కొంతమంది పనిచేస్తున్నారు. ఎవరిని తగ్గించుకోవాలన్న మాట వచ్చినప్పుడల్లా సెలవులో ఉన్నవాళ్ళ పేరే ముందుగా వస్తుంది, ఎదురుగా ఉండి పలకలేరు కదా. పోయినవారం తండ్రికి ఆపరేషనని ఖాజీపేట వెళ్ళిన పిల్లవాడి పేరు వచ్చింది. నేను లేచి నిలబడ్డాను. కూర్చుని 'నాది' అనడం నాకు రాదు.